మన వివరాలు, మన ఓటు

డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే అసలు విషయానికే వస్తాం.

2019 ఎన్నికల ముందు మన రెండు రాష్ట్రాల్లోనూ గొడవ రేపిన డేటా చోరీ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మార్చిలో హైదరాబాద్‌లోని ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీపై సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. తెలుగుదేశం పార్టీ వాడే 'సేవామిత్ర' యాప్‌ను చేసింది ఆ కంపెనీయే. ఓటర్ల వివరాలూ ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల వివరాలూ అందులో కలిపి, ఎవరు ఎటువైపో లెక్క తీశారన్నది ఆరోపణ. తెలుగుదేశం దాన్ని కాదంది. తమ పార్టీ సేకరించుకున్న సమాచారాన్నే తెలంగాణ పోలీసులు ఎత్తుకెళ్లారని ఎదురు ఆరోపణ చేసింది. తెలంగాణ సిట్ వేస్తే, ఆంధ్రా కూడా సిట్ వేసింది. ఏప్రిల్ 11న పోలింగ్ అయ్యాక ఆధార్ సంస్థ కూడా ఫిర్యాదు చేసింది. రెండు రాష్ట్రాలవాళ్ల 7.82 కోట్ల ఆధార్ వివరాలు ఆ కంపెనీ దగ్గర దొరికాయన్నది ఆ ఫిర్యాదు.

తప్పు ఎవరిదో తేల్చడం మన పని కాదు. మనలో అన్ని పార్టీలవాళ్లం ఉన్నాం. మన ప్రశ్న వేరే. రేషన్ కోసం, పింఛను కోసం ఇచ్చిన వివరం ఓట్ల లెక్కలోకి ఎందుకు పోవాలి?

అదే సమయంలో ఆంధ్రాలో ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. ఓటరు జాబితాలోంచి పేరు తీసేయమని అడిగే కాగితం అది. మన నియోజకవర్గంలో ఓటున్న వేరే మనిషి కూడా మన పేరు మీద అది పెట్టొచ్చు. తమకు తెలియకుండానే దరఖాస్తులు పడ్డాయని ఎందరో మొత్తుకున్నారు, పోలీసులు కేసులు పెట్టారు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. విచారణకు అధికారి ఇంటికొస్తే తలుపు తీసేది ఎవరు? ముసలి అమ్మానాన్నలు. "మావాడు దుబాయిలో ఉన్నాడు సారూ" అంటారు. ఆ ఒక్క మాట చాలు, పేరు పోవడానికి. మనం ఊళ్లో లేమన్నదే మన రహస్యం. ఆ రహస్యం తెలిసినవాడు పేరు తీయించనూగలడు, మన పేరున దొంగ ఓటు వేయించనూగలడు.

ఫోరం దగ్గర మీ పాస్‌పోర్టు నకళ్లు, అకామా నంబర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఉన్నాయి. జీతం ఆగితే ఎంబసీకి రాయడానికి, జరగరానిది జరిగితే మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి తీసుకున్నవి అవి. ఎన్నికలు రాగానే "మా మండలంవాళ్ల లిస్టు ఇవ్వండన్నా, పండగ శుభాకాంక్షలు పంపుతాం" అని అడుగుతారు. ఇవ్వం. అడిగింది మనకు నచ్చిన పార్టీ అయినా ఇవ్వం. మీరు కూడా రూములో ఉండేవాళ్ల కాగితాలు వాళ్లను అడక్కుండా ఎవరికీ వాట్సాప్ చేయకండి.

ఇంకో మాట. భారత పాస్‌పోర్టు ఉండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోనివాళ్లు ఫారం-6ఏ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న ఊళ్లోనే విదేశీ ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు మాత్రం ఊరెళ్లి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి. అలా నమోదైతే మనం ఊళ్లో లేకపోవడం వంక కాదు.

ఈ వారమే ఇంట్లోవాళ్ల చేత 1950కి ఫోన్ చేయించండి. జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఫారం నింపడం రాకపోతే శుక్రవారం మా దగ్గరికి రండి, కలిసి నింపుదాం.