రెండు చక్రముల పొత్తు



ఎడ్ల సేద్యము తగ్గి ట్రాక్టరు సేద్యము పెరిగిన పల్లెలు నేఁడు పెక్కు. ఆ యంత్రమును తోలువారు పడుచువారు, తోలించువారు పెద్దలు. తోలనక్కఱలేని పెద్దలకు యంత్రపు లోఁగుట్టుతో నేమి పని యని మీ రడుగవచ్చును. ట్రాక్టరు వెనుక యిరుసు నడుమ నొక యినుప పెట్టె కలదు. దాని ధర్మము నెఱిఁగిన పెద్ద యున్న యింట నొక ప్రాణము నిలువవచ్చును. కాఁబట్టి యా పెట్టెను గూర్చియే యీ ప్రసంగము.

మొదట మన యెడ్లబండిని చూడుఁడు. బండి యిరుసు తిరుగదు. చక్రములు రెండును ఆ యిరుసు కొనలయందు దేనికది తిరుగును. మలుపున వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను. ఎంత యెక్కువ? చక్రముల నడిమి యెడము నాలుగున్నర అడుగులనుకొందము. బండి గుండ్రముగా నొక చుట్టు తిరిగినచో, వెలుపలి చక్రము లోపలిదానికంటె సుమారు 28 అడుగులు ఎక్కువ నడచును. చుట్టు చిన్నదైనను పెద్దదైనను ఈ భేదము మాఱదు. 20,000 వ్యాసముగల వృత్తమునకు 62,832 పరిధి యని ఆర్యభటుఁడు చెప్పిన లెక్కతో ఎవరైనను దీనిని సరిచూచుకొనవచ్చును. ఎడ్లు లాగు బండికి ఈ భేదమువలన చిక్కు లేదు. ఏ చక్రము స్వేచ్ఛ ఆ చక్రమునకు కలదు.

ఇంజనుబండి సంగతి వేఱు. ఇచ్చట లాగుటకు ఎడ్లు లేవు. ఇంజను చక్రములనే త్రిప్పి బండిని నడపవలెను. రెండు చక్రములను ఒకే యిరుసునకు బిగించి త్రిప్పినచో రెండును సమానముగా తిరుగును. మలుపున నేదో యొకటి నేలను రాచుకొనుచు జాఱవలసినదే. ఒక్క చక్రమునే త్రిప్పినచో బండి యొక ప్రక్కకు లాగును. రెంటిని త్రిప్పవలెను, రెంటికిని స్వేచ్ఛ యుండవలెను. ఇదియే సమస్య.

ఫ్రాన్సు దేశమున గడియారముల పనివాఁడైన ఒనెసిఫోర్ పెకర్ అనునతఁడు ఆవిరిబండికొఱకు 1828 ప్రాంతమున దీనికొక యుపాయమును కనిపెట్టి హక్కుపత్రము పొందెను. తరువాత ఇంగ్లండులో జేమ్సు స్టార్లీ యనునతఁడు 1877లో త్రొక్కుడుబండికి అట్టి యుపాయమునే కూర్చెను. ఇతఁడు సేద్యగాని కుమారుఁడు. కవెంట్రీ నగరమున కుట్టుమిషనులను, సైకిళ్ళను చేసినవాఁడు. తండ్రికొడుకులు ప్రక్కప్రక్కన కూర్చుండి చెఱియొక చక్రమును త్రొక్కుచు పోవుచుండఁగా, కొడుకు బలము హెచ్చై బండి త్రోవ తప్పి తుప్పలలోఁ బడెననియు, అప్పుడే తండ్రికీ యాలోచన తట్టెననియు చెప్పుదురు. కార్ల్ బెంజ్ 1886లో హక్కుపత్రము పొందిన మూఁడు చక్రముల మోటారుబండిలోను ఈ యేర్పాటు కలదు. దీని పేరు డిఫరెన్షియల్.

దీని పనితీరు మన కాడివంటిది. కాడి నడుమ త్రాడు కట్టి ముందుకు లాగుచున్నట్లు తలఁచుఁడు. కొనలు రెండును సమానముగా కదలినచో, నడుము మూరెఁడు జరిగినప్పుడు కొనలును మూరెఁడే జరుగును. ఒక కొనను పట్టి నిలిపినచో రెండవ కొన రెండు మూరలు జరుగును. కొనల నడకలను కూడి సగము చేసిన నడిమి నడక వచ్చును.

డిఫరెన్షియల్‌లో ఇరుసు రెండు ముక్కలు. ఇంజను త్రిప్పు పెద్ద పళ్ళచక్రము కొన్ని చిన్న పళ్ళచక్రములను మోసికొని తిరుగుచుండును. ఆ చిన్నవి కుడియెడమల అరయిరుసుల పళ్ళతో కలిసియుండును. ఆ చిన్న చక్రమే మన కాడి. కొయ్యకాడి కొంత తిరిగి ఆఁగును. పళ్ళకాడికి ఆఁగుట లేదు, ఒక పల్లు పోఁగా మఱియొక పల్లు వచ్చును. తిన్నని బాటలో చిన్న చక్రములు తమంతట తాము తిరుగవు. మలుపున మెల్లగా తిరిగి, ఒక చక్రమునకు తగ్గిన నడకను రెండవదానికి కలుపును.

ఇంత మేలు చేయు పెట్టెకు నొక లోప మున్నది. ఈ కాడి రెండు కొనలకును బలమును సమముగానే పంచును. దమ్ములో ఒక చక్రము పట్టుదప్పి ఊరక తిరిగినచో దానికి కావలసిన బలము అత్యల్పము. గట్టినేలనున్న రెండవ చక్రమునకును ఆ యల్పబలమే చేరును. బండి కదలదు. దీనికి మందులు రెండు. మొదటిది డిఫరెన్షియల్ లాక్. అది అరయిరుసులను రెంటిని కలిపి ఒక్కటిగా కట్టును. రెండవది వేఱువేఱు బ్రేకులు. ఊరక తిరుగు చక్రమును బ్రేకుతో పట్టినచో బలము రెండవదానికి పోవును. మడి చివర ఇఱుకుచోట బండిని మళ్ళించుటకును లోపలి బ్రేకే సాయము. అందుచేతనే ట్రాక్టరు వెనుక చక్రములకు బ్రేకుపెడళ్ళు రెండును, వానిని కలుపుటకొక కొక్కెమును ఉండును.

మడిలో హితమైన ఒంటిబ్రేకు బాటపై ప్రాణాంతకము. వేగమున పోవునప్పుడు ఒక చక్రము నిలిచి రెండవది పరుగెత్తినచో, బండి నిలిచిన చక్రము వైపునకు గిఱ్ఱున తిరిగి బోల్తాపడును. మా యూర నాయొద్ద చదువుకొన్నవాఁడొకఁడు దమ్ము ముగించి, కొక్కెము తగిలింపకయే కాలువగట్టెక్కెను. దూడ యడ్డము రాఁగా వాని కాలు కుడి పెడలుపై మాత్రమే పడెను. ట్రాక్టరు కుడికి తిరిగి కాలువలోని కొరిగెను. వాఁడు ఇవతలికి విసరివేయఁబడి, చేయి విఱిగి, బ్రతికెను. చూడఁబోయిన నాతో వాఁడు, “మాస్టారండీ, కొక్కెం నా కాలి దగ్గరే ఉన్నదండీ” అనెను.

ఆ మాటయే నన్ను మీ ముందునకుఁ దెచ్చినది. వానికి తోలుట నేర్పినవారు కొక్కెమును చూపిరి గాని, అదియేల యున్నదో చెప్పలేదు. నేను వానికి వృత్తపరిధిని నేర్పితిని గాని, దానికిని బండిచక్రమునకును గల సంబంధమును చెప్పనైతిని. కారణ మెఱుఁగని నియమము పనితొందరలో మఱపున పడును.

కావున పెద్దలకు నా మనవి యిది. ట్రాక్టరు మడిని విడిచి గట్టెక్కునప్పుడు, “కొక్కెము తగిలించితివా?” యని యొక్కమా టడుగుఁడు. డిఫరెన్షియల్ లాకును బురద దాఁటఁగనే విడువవలెననియు, విడువనిచో మలుపున ముందుచక్రములు త్రిప్పినట్లు తిరుగవనియు చెప్పుఁడు. తరువాత ఇంటనున్న కాడిని చూపి, ఆ కారణమును పిల్లలకు బోధింపుఁడు. మడిలో ఏ చక్రము దారి దానిదే. బాటపై రెండు బ్రేకులు ఒక్కటిగా పట్టవలెను. ఈ భేదమును పడుచువారు కారణముతో గ్రహించినచో నా ప్రసంగము సార్థకము.