రేసు కార్లూ, మతిమరుపు జబ్బూ

(సంఘ వార్షిక సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము మాట్లాడబోయే విషయం చెప్పగానే వెనక వరుసలో కుర్రవాళ్లు నిటారుగా కూర్చున్నారు, ముందు వరుసలో పెద్దలు మొహాలు చిట్లించారు. కార్ల రేసులకూ, ముసలితనంలో వచ్చే మతిమరుపుకూ సంబంధమేమిటని వారి అనుమానం. ఆ సంబంధం కలిపింది మేము కాదు, జాకీ స్టూవర్ట్ అనే స్కాట్లండు రేసు డ్రైవరు. 1969, 1971, 1973 సంవత్సరాల్లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. ఆయన భార్య హెలెన్ ఆ రోజుల్లో ట్రాకు పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని భర్త ఒక్కో చుట్టూ ఎంతసేపట్లో తిరిగాడో లెక్క రాసేది. అంత చురుకైన మనిషికి 2014లో డిమెన్షియా ఉందని తేలింది. ఆమెకు వచ్చినది మెదడు ముందు భాగాన్నీ, పక్క భాగాలనూ తినేసే రకం. దీనిలో ముందుగా మారేది చాలావరకు స్వభావమూ మాటతీరూను. అందుకే ఇంట్లోవాళ్లు దీన్ని జబ్బు అనుకోరు, మొండితనం అనుకుంటారు.

స్టూవర్టు 2016లో ఈ జబ్బు మీద పరిశోధన కోసం ఒక ధర్మసంస్థ పెట్టాడు. పేరు 'రేస్ అగెనెస్ట్ డిమెన్షియా'. యువ శాస్త్రవేత్తలకు డబ్బు ఇచ్చి ఊరుకోకుండా, వాళ్లను ఫార్ములా వన్ జట్ల ఇంజనీర్ల మధ్యకు పంపి, వాళ్లు పనిచేసే తీరు చూపిస్తోంది. ఆ ఆలోచన ఆయనకు ఊరికే రాలేదు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాకులో వానకు కారు జారి పడింది. కారు వంగిపోయి ఆయన అందులో ఇరుక్కున్నాడు, ఒంటి మీద పెట్రోలు కారుతోంది. బయటకు తీయడానికి తోటి డ్రైవర్లిద్దరు వచ్చారు గాని చేతిలో పానా లేదు! చూడవచ్చిన ఒకాయన దగ్గర అడిగి తెచ్చి విప్పారు. ఆంబులెన్సు దారి తప్పింది. ఆ తర్వాత స్టూవర్టు స్టీరింగుకు ఒక పానా అంటించుకుని తిరిగేవాడు, రేసుల్లో భద్రత కోసం ఏళ్ల తరబడి అందరితో పోట్లాడాడు కూడా. ఒకరి వల్ల కాని పని అందరూ ముందే అనుకుని పెట్టుకుంటే అవుతుందని ఆయనకు ప్రాణం మీదికి వచ్చి తెలిసింది.

మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. కారు వచ్చి ఆగుతుంది, ఇరవైమంది దాకా చుట్టుముడతారు. ఒక్కో చక్రానికి ముగ్గురు: ఒకరు నట్టు విప్పడానికి, ఒకరు పాత చక్రం లాగడానికి, ఒకరు కొత్తది పెట్టడానికి. 2023లో ఖతర్‌లో మెక్‌లారెన్ జట్టు నాలుగు చక్రాలూ 1.80 సెకన్లలో మార్చింది. మా కుర్రవాడు ఆ వేగం చూసి ఆశ్చర్యపోతాడు. మాకు ఆశ్చర్యం వేరే. అక్కడ ఎవడూ ఎవడినీ 'నువ్వు పెట్టావా లేదా' అని అడగడు.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు కూడా ఇదే గమనించారు. గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డను ఐసీయూకు అప్పగించేటప్పుడు గందరగోళం జరిగేది. వాళ్లు ఫెరారీ జట్టు సలహా తీసుకున్నారు. ఎవరి పని ఏది, ముందు ఎవరు మాట్లాడాలి, పెద్ద ఎవరు అన్నది తేల్చుకున్నారు. 2007లో అచ్చయిన వారి లెక్క ప్రకారం, చెప్పకుండా వదిలేసే విషయాలు దాదాపు సగానికి తగ్గాయి.

ఇది వింటూ మా ఇంటి సంగతి చెప్పుకోకుండా ఉండలేము. మా అబ్బాజాన్‌కు మతిమరుపు మొదలయిన రెండో ఏడు. ఇషా నమాజు చదివి వచ్చి, చదవలేదని మళ్లీ వజూకి లేచేవారు. ఒకనాడు పొద్దున పెద్ద కోడలు షుగరు మాత్ర ఇచ్చింది. ఆయనేమో ఇవ్వలేదన్నారు. చిన్న కోడలు ఇంకోటి ఇచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకలేదు. ఆ రాత్రి ఆసుపత్రిలో గడిచింది, అల్లా దయవల్ల బతికి బయటపడ్డారు. తప్పు కోడళ్లది కాదు. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో మాత్రల బాధ్యత ఫలానావారిదని మేము చెప్పలేదు. ఇప్పుడు వంటగది తలుపుకు కాగితం ఉంది. మాత్ర ఇచ్చినవారు అక్కడే టిక్కు పెట్టాలి.

పరిశోధన సంగతికి వస్తే, రేసు వేగం యథాతథంగా పనికిరాదని మా అభిప్రాయం. రేసులో ఆదివారం సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. అల్జీమర్స్‌లో మెదడులో మార్పు మొదలయి గుర్తులు బయటపడేసరికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. పైగా రేసు జట్లు తమ రహస్యాలు దాచుకుంటాయి, శాస్త్రవేత్తలు అలా దాచుకుంటే రోగికి నష్టం. నేర్చుకోదగ్గది ఇంకొకటుంది. కారు ఆగిపోతే ఎవరిని తిట్టాలని కాక, ఎక్కడ ఆగిందని వెతుకుతారు. పనిచేయని మందు గురించి కూడా వెంటనే చెప్పేస్తే, ఇంకొకరు అదే దారిలో అయిదేళ్లు పోగొట్టుకోరు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ మందు జబ్బును తొలిదశలో కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. నయం చేయదు.

మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన అంచనా. మన మొహల్లాలో ఉన్నవాళ్లు మాత్రం బయటకు కనిపించరు. సంబంధాలు తప్పిపోతాయని, గాలి సోకిందంటారని దాచిపెడతాము. తాయెత్తు కట్టించినవారిని మేము తప్పుపట్టము, దువా మేమూ చేయిస్తున్నాము. కాని థైరాయిడు తగ్గినా, బి12 లోపించినా ఇలాంటి మతిమరుపే వస్తుంది, దానికి మందుంది. రక్తపరీక్ష చేయించకుండా 'వయసు మీదపడింది' అని తేల్చేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

వచ్చే నెల నుంచి ఉపసంఘం సభ్యులు ఇంటింటికీ వస్తారు. దయచేసి దాచకండి. మాత్రల కాగితం నమూనా, తెలుగులోనూ ఉర్దూలోనూ, బయట బల్ల మీద పెట్టాము. మగ్రిబ్ వేళ కావస్తోంది, సెలవు. ఖుదా హాఫిజ్.