అత్తగారి గొంతు ఒక్కటే వింటే చాలదు



థైరాయిడ్ జబ్బు గురించి డాక్టరమ్మలు ఇదివరకు చాలాసార్లే చెప్పి ఉంటారు. నేను డాక్టర్ని కాను. పుట్టిల్లు కోదాడ, అత్తవారిల్లు మిర్యాలగూడ, కాపురం సూర్యాపేట. మూడూళ్ళ ఆస్పత్రి బల్లల మీదా అంతో ఇంతో కూచున్నదాన్ని. అంచేత ఆ రక్తపరీక్షను పూర్తిగా చేయించుకోవడమనే పని గురించి మాత్రం నాలుగు మాటలు చెబుతాను.

మెడ ముందువైపు సీతాకోకచిలుకలా ఉండేదే థైరాయిడ్ గ్రంథి. దీన్ని ఇంట్లో కోడలనుకోండి. టీ-ఫోర్, టీ-త్రీ అనేవి ఆమె చేసే పని. తలలో మెదడు కిందుగా పీయూష గ్రంథి ఉంటుంది. ఆవిడ అత్తగారు. టీ.ఎస్.హెచ్. అంటే అత్తగారి గొంతు. కోడలు పని తగ్గిస్తే అత్తగారు గొంతు పెంచుతుంది, పని మితిమీరితే తగ్గిస్తుంది. అందుకనే డాక్టర్లు ముందుగా ఆ గొంతే వింటారు. గొంతు మామూలుగా ఉందంటే కోడలు పని కూడా సవ్యంగా ఉన్నట్టే లెక్క. ఇది నూటికి తొంభైపాళ్ళు సరైన లెక్కేనండీ, కాదనను.

కాని అత్తగారికే గొంతు పోతే?

మా తోటికోడలి సంగతి చెబుతాను. రెండో కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. ప్రాణం దక్కింది, అదే పదివేలనుకున్నాం. పిల్లకు పాలు పడలేదు, డబ్బాపాలు పట్టాం. నెలసరి మళ్ళీ రాలేదు. "పోనీలే, ఒక బాధ తప్పింది" అన్నది అప్పట్లో నవ్వుతూ. తరవాత నవ్వడం కూడా తగ్గింది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేది. కూచున్నచోటే కునుకు. మా మరిది బద్ధకమన్నాడు. మా అత్తగారు, నిజం అత్తగారు, మరేదో అన్నారు. నేనైనా ఏమీ అనలేదని చెప్పలేను.

ఏడేళ్ళలో మూడుసార్లు పరీక్ష చేశారు. ఏ ఊరు, ఏ ఆస్పత్రి అన్నది చెప్పను, ఎక్కడైనా జరిగేదే. మూడుసార్లూ టీ.ఎస్.హెచ్. ఒక్కటే. మూడుసార్లూ మామూలే. మూడోసారి ఆమె ధైర్యం చేసి, "సార్, టీ-ఫోర్ కూడ రాయరాదుండ్రి" అని అడిగింది. "మంచిగనే ఉన్నది గదమ్మా, నీకెందుకు అవన్నీ, పో" అన్నారట. వచ్చేసింది.

చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ చీటీ కూడా చూడకుండా ముందు ఒకటే మాట అడిగింది: "కాన్పులో రక్తం ఎంత పోయింది?" ఏడేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. మేమూ చెప్పలేదు లెండి. కాన్పు సంగతికీ ఈ నీరసానికీ సంబంధం ఉంటుందని మాకేం తెలుసు? ఆవిడ ఫ్రీ టీ-ఫోర్, దాంతోపాటు కార్టిసాల్ రాసింది. రెండూ అడుగంటి ఉన్నాయి.

గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెరుగుతుందట. కాన్పులో రక్తం ఎక్కువగా పోతే దానికి రక్తం అందక కొంతభాగం చచ్చిపోతుంది. బ్రిటన్ డాక్టరు షీహాన్ 1937లో దీన్ని వివరించాడు, అతని పేరే పెట్టారు. పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం దీని మొదటి గుర్తులు. ఇందులో టీ.ఎస్.హెచ్. మామూలుగా కనిపించవచ్చు, టీ-ఫోర్ మాత్రం పడిపోయి ఉంటుంది. ఇంకో మాట జాగ్రత్తగా వినండి. ఈ జబ్బులో కార్టిసాల్ లోటు తీర్చకుండా థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మా తోటికోడలికి ముందు స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టి, తరవాతే థైరాయిడ్ మాత్ర ఇచ్చారు. కాబట్టి పక్కింటావిడ మాత్రలు అరువడిగి వేసుకోకండి.

అలాగని అందరూ అన్ని పరీక్షలూ చేయించుకోవాలా? అక్కర్లేదు. ప్రైవేటు లేబుల్లో "ప్యాకేజీ" అని అరవై అంశాల కాగితం చేతిలో పెడతారు. చీరల దుకాణంలో ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నట్టే ఉంటుంది ఆ వరస. అందులో మనకు కావలసినవి రెండో మూడో. టీ.ఎస్.హెచ్. తేడాగా వస్తే ఫ్రీ టీ-ఫోర్ చూడాలి. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే టీ-త్రీ కూడా. యాంటీ టీ.పీ.ఓ. అన్నది మన ఒంట్లోని రక్షణ బలగమే థైరాయిడ్ మీద తిరగబడిందా అని చూసేది. ఒకసారి చూస్తే చాలు, మాటిమాటికీ అక్కర్లేదు. కాన్పులో రక్తం పోయినవాళ్ళకూ, పీయూష గ్రంథి జబ్బు అనుమానం ఉన్నవాళ్ళకూ మాత్రం టీ.ఎస్.హెచ్. ఒక్కటీ చాలదు.

మరి అడగడం ఎలా? "అన్నీ రాయండి" అంటే ఏ డాక్టరుకైనా చిరాకే. బయట వందమంది నిలబడి ఉంటారు. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుపోండి: ఏ సంవత్సరం కాన్పు, రక్తం పోయిందా, ఎక్కించారా, పాలు పడ్డాయా, నెలసరి ఎప్పుడు ఆగింది. "ఇందుకోసం టీ-ఫోర్ చూడొచ్చా డాక్టరుగారూ?" అని అడగండి. కుదరదంటే, ఎందుకు అక్కర్లేదో చీటీ మీద రాయమనండి. నిజం చెప్పాలంటే, ఆ కలం పట్టుకున్నప్పుడే చాలామంది ఆలోచనలో పడతారు.

డబ్బు మాట. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం 2018లో హైదరాబాదులో మొదలై, 2021 జూన్‌లో నల్గొండతో సహా 19 జిల్లాలకు వచ్చింది. అప్పుడు 57 రకాల పరీక్షలు ఉచితమన్నారు, థైరాయిడ్‌వి కూడా వాటిలో ఉన్నాయి. రక్తం మన దగ్గరి ఆస్పత్రిలో తీసి పెద్ద లేబుకు పంపుతారు. చీటీ మీద పరీక్ష పేరు రాసి ఉండాలి, అంతే. పాత కాన్పు కాగితాలు కావాలంటే అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తన నియమావళి, 2002లో వచ్చింది, చెబుతోంది. అప్పటికీ పని కాకపోతే కలెక్టరాఫీసులో సోమవారం ప్రజావాణి ఉండనే ఉంది. నేనైతే ముందు సూపరింటెండెంటుగారికి మర్యాదగా ఒక దరఖాస్తు ఇస్తాను.

రక్తం ఇచ్చేరోజు థైరాయిడ్ మాత్ర ఇచ్చాకే వేసుకోండి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మింగుతుంటే డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపండి, అవి లెక్కలు తారుమారు చేస్తాయి. మాత్ర మోతాదు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూడాలి. గర్భం అని తెలిసిన వెంటనే మాత్రం ఆగకండి.

అన్నట్టు, రక్తంలో ఇంత సన్నని హార్మోన్లను కొలిచే ఉపాయం కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు ఆడమనిషే. న్యూయార్కులో రోజలిన్ యాలో. బెర్సన్ అనే డాక్టరుతో కలిసి ముందుగా ఇన్సులిన్‌ను కొలిచింది. 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయాడు.

మా తోటికోడలు ఇప్పుడు తన పిల్లను తనే బడికి దింపి వస్తోంది. ఆమె మందు సరిపోతోందా లేదా అన్నది టీ-ఫోర్ చూసే తెలుసుకోవాలి, టీ.ఎస్.హెచ్. పనికిరాదు. అయినా వెళ్ళిన ప్రతిసారీ లేబు కుర్రాడు టీ-ఫోర్ కొట్టేసి టీ.ఎస్.హెచ్. రాస్తాడు. "అట్ల గాదు బాబూ" అంటూ ఆమె పర్సులోంచి డాక్టరమ్మ ఉత్తరం తీస్తుంది. మడతలు చిరిగిపోతుంటే మొన్ననే దానికి ప్లాస్టిక్ అట్ట వేయించాం.