అడగవలసింది ఆమెనే
(కలకత్తాలో చేసిన స్మారకోపన్యాసం నుంచి)



2012 ఫిబ్రవరిలో ఈ నగరం నుంచి గోవాలో ఒక సదస్సుకు బయలుదేరిన జీజా ఘోష్‌ను విమానం ఎక్కాక దింపేశారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ. 2016 మే 12న సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పుతో విమానాశ్రయాల మీద చర్చ జరిగింది. వికలాంగ స్త్రీలు వెళ్లే ప్రసూతి ఆసుపత్రుల మీద అంత చర్చ ఎప్పుడు జరుగుతుంది?

గైనిక్ ఓపీ గదినే చూడండి. పరీక్ష బల్ల నడుమెత్తున ఉంటుంది, ఎక్కడానికి ఓ ఇనప మెట్టు. చక్రాల కుర్చీలో వచ్చిన గర్భిణిని ఇద్దరు ఆయాలు చంకల కింద చేతులేసి ఎత్తాలి. బరువు చూసే మిషన్ మీద ఆమె నిలబడలేదు, కాబట్టి కార్డులో ఆ గడి ఖాళీ. వినబడని అమ్మాయి వస్తే డాక్టరు తల్లి వైపు తిరిగి "నెలసరి సరిగా వస్తోందా?" అంటారు. తల్లి ఎదుట చెప్పలేని మాట అక్కడే ఆగిపోతుంది.

వైద్యం కూడా తప్పుతుంది. వెన్నుపాము ఛాతీ పైభాగంలో దెబ్బతిన్న స్త్రీకి నొప్పులు తెలియకుండానే కాన్పు మొదలు కావచ్చు, రక్తపోటు హఠాత్తుగా పెరగవచ్చు. దాన్ని గుర్రపువాతం లక్షణమని పొరబడితే అసలు కారణం మరుగున పడుతుంది. మూర్ఛకిచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తాయి. వాల్‌ప్రోయేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. "ఈ పిల్లకు పెళ్లెక్కడ!" అనుకున్న వైద్యుడు ఈ సంగతులేవీ చెప్పడు.

చెప్పకపోవడంతోనే ఇది ఆగలేదు. 1994లో పుణె దగ్గర శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలోని మానసిక వైకల్యం ఉన్న అమ్మాయిలకు అధికారులు గర్భసంచులు తీయించారు. నెలసరి శుభ్రత చూడలేకపోతున్నామన్నారు. ఇప్పటికీ కొందరు తల్లులు అదే ఆపరేషన్ అడుగుతారు. తాము పోయాక బిడ్డ గతేమిటన్న వారి బెంగను నేను తేలిగ్గా తీసుకోను. కానీ గర్భసంచి తీస్తే అత్యాచారం ఆగదు, జరిగిందన్న ఆనవాలు మాత్రం మాయమవుతుంది.

2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, స్వల్ప మానసిక వైకల్యమున్న యువతి గర్భం ఉంచుకుంటానంటే ఆ మాటే చెల్లుతుందని తేల్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ ప్రకారం, తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే చికిత్స ఎవరికీ చేయరాదు. ఇరవై అయిదో సెక్షన్ లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య సేవలను ప్రభుత్వం బాధ్యతగా పేర్కొంది. చట్టం చాలు, ఆచరణే లేదు.

ఈ సభలో వైద్యులున్నారు, ఆసుపత్రి కమిటీల సభ్యులున్నారు. కిందికి దించే పరీక్ష బల్ల ఒకటి, కుర్చీతో సహా తూచే మిషన్ ఒకటి ఈ ఏడాది బడ్జెట్లోనే పెట్టించండి. సంజ్ఞల భాష తెలిసినవారిని పిలిపించండి. వెంట వచ్చినవారిని కాసేపు బయట కూర్చోబెట్టి, ప్రశ్న ఆమెనే అడగండి.