పేరడుగని పంక్తి

అతిథి అను మాటకు మన పెద్దలు చెప్పు అర్థము ముచ్చటగా నుండును. తిథి లేనివాడు అతిథి. ఫలానా దినమున, ఫలానా వేళకు వత్తునని ముందుగా కబురు చేయక, ఆకలియే ఆహ్వానముగా గడప కడకు వచ్చి నిలుచువాడు. టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేటా వచ్చు కొంగలకు, గూడబాతులకు సైతము ఒక ఋతువు కలదు. వానలు వెనుకబడు వేళకు వచ్చును, వేసవి ముదురకముందే మరలిపోవును. మనుష్యుని ఆకలికి మాత్రము అట్టి పంచాంగము లేదు. పలాసలో రైలు దిగినవానికి పదకొండు గంటలకే ఆకలి కావచ్చును. జీడితోటలో పని ముగించుకొని వచ్చినవానికి మూడు దాటిన పిమ్మట కావచ్చును. ఎవరికి ఆకలియైన వేళకు వారికి అన్నము పెట్టుట ఎట్లు? ముందుగా పేరు వ్రాయించుకొనని భోజనము ఏ బలముపై నిలుచుచున్నది? ఈ విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

ఈ ప్రశ్నకు సముద్రము మీద ఒక సమాధానము దొరకినది. విహారనౌకలలో చాలకాలము రాత్రి భోజనమునకు రెండు పంక్తులుండెడివి. ఆరు దాటిన పిదప మొదటిది, ఎనిమిది దాటిన పిదప రెండవది. ఏ పంక్తిలో, ఏ బల్లకడ, ఎవరి సరసను కూర్చుండవలెనో ప్రయాణికునికి ముందే నిర్ణయమై యుండెడిది. యాత్ర ముగియువరకు అదే బల్ల, అదే ఇరుగుపొరుగు, అదే వడ్డించువాడు. 2000 సంవత్సరమున నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అను సంస్థ ఈ కట్టుబాటును సడలించి, ఎవరికి తోచిన వేళకు వారు తోచిన భోజనశాలకు పోవచ్చునను పద్ధతిని ప్రవేశపెట్టినది. ఇతర సంస్థలలో పెక్కు ఇట్టి వెసులుబాటును ఏదో ఒక రూపమున కల్పించినవి. విహారనౌక మన తీరమునకు మరీ దూరపు ముచ్చట కాదు. 2022 జూను మాసమున కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక విశాఖపట్టణమునకు వచ్చినది. 2023 సెప్టెంబరు మాసమున అచ్చట విహారనౌకల కొరకే కట్టిన ప్రత్యేక ప్రాంగణము ప్రారంభమైనది.

తోచిన వేళకు భోజనమనగా వినుటకు స్వేచ్ఛగా నుండును. వంటశాలలోనికి పోయి చూచిన అది గట్టి లెక్క. నౌక రేవు విడిచిన పిదప ఎక్కువారు లేరు, దిగువారు లేరు. కనుక తినువారెందరో వంటవానికి తెలియును. తెలియనిది వేళ యొక్కటే. ఆ వేళను గూడ అతడు కొంతవరకు ఊహింపగలడు. నాటకము ముగియగనే జనము ఒక్కుమ్మడిగా వత్తురు. రేవులో దిగి ఊరు చూచి వచ్చిన నాడు ఆకలి పెందలకడనే అగును. ఒక్క పెద్దశాలకు బదులు పలుశాలలు తెరచి, వంటకములను ఒక్కసారిగా గాక విడతలుగా సిద్ధపరచి, రద్దీవేళ వచ్చినవారిని కొంతసేపు నిలిపియుంచి, ఈ ఏర్పాటును సాగింతురు. ముందుగా చెప్పు శ్రమ తప్పినవానికి తరువాత వేచియుండు శ్రమ వచ్చును. శ్రమ చేతులు మారునే గాని మాయము కాదు.

ఉద్దానము వారికి నౌకాయానము క్రొత్త కాదు. బారువ, కళింగపట్టణము రేవులకు పొగయోడలు వచ్చిన కాలమున ఈ ప్రాంతపువారు పొట్ట చేతబట్టుకొని బర్మాకు పోయిరి. డెక్కు మీద పయనించిన ఆ కూలిజనమునకు బల్లయు లేదు, నియమించిన చోటును లేదు. ఇంటనుండి కట్టుకొనిపోయిన మూటయే చాలమందికి ఆధారము. ఆకలి వేళకు మూట విప్పుటయే వారి స్వేచ్ఛ. వేళను ఎంచుకొను స్వేచ్ఛ భాగ్యవంతునకు ఒక సుఖము. పేదవానికి కావలసినది అంతకంటె ముందుది. ఏ వేళనైనను అన్నము ఉండవలెను.

నౌకను విడిచి నేలమీదికి వత్తము. ఉద్దానమున ఒక పెండ్లిని తలచుకొనుడు. కొబ్బరితోటలో పందిరి, పందిరి వెనుక గాడిపొయ్యి, పొయ్యిమీద గుండిగలు. ఇచ్చట వంటవానికి వేళయు తెలియదు, లెక్కయు తెలియదు. పిలిచినవారెందరో ఇంటి యజమాని చెప్పగలడు, వచ్చువారెందరో చెప్పలేడు. బంధువుతో బంధువు వచ్చును, మేళగాండ్రు వత్తురు, దారిన పోవువారు వత్తురు. అయినను బంతి వెనుక బంతి లేచుచుండును. ఈ అద్భుతము వెనుక వంటవారి యుక్తి కలదు. పనసకాయ కూరను ఒక్కసారిగా పెంచుట సాధ్యము కాదు. పప్పును, చారును, దప్పళమును కొంత పెంచవచ్చును. అన్నము మొదటి గుండిగ దింపునప్పటికే రెండవదానికి ఎసరు పెట్టి యుంతురు. మూడవ గుండిగకు బియ్యము కడుగవలెనా, వలదా యన్నది రెండవ బంతి ముఖము చూచి నిర్ణయింతురు. వడ్డనచేయువాడు వంటవానికి కన్ను. ఎన్ని విస్తళ్లు పరచిరి, ఎన్ని మిగిలియున్నవి, పందిరి వెలుపల ఎందరు నిలిచియున్నారు అను వార్త అతడే చేర్చును. మన పల్లెలలో విందు బాగోగులు తెలిసికొనుటకు కడపటి బంతిని చూడవలెనందురు. వండినవారు, వడ్డించినవారు, విస్తళ్లు ఎత్తినవారు కూర్చుండు బంతి అది. వారికి కూర మిగిలినదేని ఆ ఇల్లు గెలిచినట్లు.

పెండ్లి ఒకనాటిది. నిత్యము ఇట్లు పెట్టినవారు లేకపోలేదు. గోదావరి లంకలలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతము లేదనక అన్నము పెట్టి, 1909లో కాలధర్మము నొందువరకు ఆ వ్రతము విడువలేదు. పడవకై వేచియుండు జనమునకు ఆమె గృహము సత్రమైనది. అట్టి కార్యమునకు దయ యొక్కటే చాలదు. గాదెలో ధాన్యము, పెరటిలో కూర, పొయ్యిలో ఆరని నిప్పు, నిద్రలో సైతము లేచుటకు సిద్ధముగానుండు మనస్సు, ఇవి యన్నియు వలయును. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ప్రారంభమైనది. పట్టణములలో 2018 జూలైలో మొదలై, 2019లో నిలిచిపోయి, 2024 ఆగష్టు 15న మరల తెరచిన అన్న క్యాంటీనులలో పూటకు 5 రూపాయలకు భోజనము పెట్టుచున్నారు. పేరు వ్రాయించుకొనుట లేదు. రూపములు వేరైనను సూత్రము ఒక్కటే. తినువాడు ముందుగా చెప్పకపోవుటకు వీలు కలుగవలెనన్న పెట్టువాడు ముందుగా తలచియుండవలెను.

పేరడుగని పంక్తి విలువ ఉద్దానమునకు 2018 అక్టోబరు 11న తెలిసినంతగా మరెప్పుడును తెలిసియుండదు. ఆ వేకువను తిత్లీ తుఫాను పలాస చేరువ తీరమును దాటినది. తరతరముల కొబ్బరిచెట్లు కూలినవి. జీడి, పనస తోటలు నేలబడినవి. పల్లెలకు పల్లెలు చీకటిలో మునిగినవి. అట్టి దినములలో పొయ్యి వెలిగిన చోటే భోజనశాల. నిన్నటివరకు పదిమందికి పెట్టిన తోట యజమాని, ఆ తోటలో కూలిచేసినవాడు ఒకే బంతిని కూర్చుండవలసివచ్చును. పేరడిగినచో మొదటివాడు తలవంచుకొని మరలిపోవును. అడుగకపోవుట చేతనే అతనికి అన్నముతోపాటు పరువు గూడ దక్కును. ఇది మన ఆచారములోని లోతు. దీనిని మేము ఎన్నటికిని తక్కువచేసి చెప్పబోము.

అయినను ఇదే ఉద్దానమున ఇంకొక మాటయు చెప్పక తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా ఎందరినో పీడించుచున్నది. దాని మూలకారణము ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనకేంద్రము ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి. రోగము ముదిరినవారు వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు, డయాలిసిస్ యంత్రము ప్రక్కన గడుపుచున్నారు. ఇట్టివారు మన పెండ్లిబంతిలో కూర్చుండినచో ఏమగును?

ఆలోచింపుడు. ఈ నేల ఇచ్చు సంపద యంతయు వారికి లెక్క చూచుకొనవలసినదే. మూత్రపిండములు బాగుగా పనిచేయునప్పుడు అధికమైన పొటాషియమును బయటికి పంపివేయును. అవి చెడినప్పుడు అది రక్తమున నిలిచి గుండె కొట్టుకొను తీరునే తప్పించును. కొబ్బరినీటిలో అది మెండు. నూరు గ్రాముల పనసతొనలలో 400 మిల్లీగ్రాములకు పైగా, అంతే జీడిపప్పులో 600 మిల్లీగ్రాములకు పైగా కలదు. ఇక ఉప్పు. నౌపడా ఉప్పుమళ్లు మనకు పేరు తెచ్చినవే. ఆరోగ్యవంతునికే దినమునకు 5 గ్రాములకు లోపుగా చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రోగికి అది దాహమును, వాపును, రక్తపుపోటును పెంచును. సోడియము తగ్గించిన ఉప్పు వాడిన సరిపోవునని కొందరు తలంతురు. అట్టి ఉప్పులో తరచుగా సోడియమునకు బదులు పొటాషియము చేర్చుదురు గనుక వైద్యుని అడుగక అది రోగికి పెట్టరాదు.

ఇందు మరియొక చిక్కు కలదు. డయాలిసిస్ మొదలుకానివానిని పప్పు, మాంసము వంటివి మితముగా తినుమని వైద్యుడు చెప్పవచ్చును. మొదలైనవానిని అవే మరికొంత హెచ్చుగా తినుమనవచ్చును. ఒకే రోగము గలవారు ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండినను ఒకనికి హితమైనది మరియొకనికి కాకపోవచ్చును. కనుక పెట్టువాడు తనంతట తాను ఊహించుట సాధ్యము కాదు. అడిగి తీరవలెను.

ఇచ్చటనే నౌకవారి పద్ధతినుండి మనము ఒకటి నేర్చుకొనవచ్చును. ఏ వేళకు వచ్చెదవు, ఎవరి ప్రక్కను కూర్చుండెదవు అని వారు అడుగుట మానినను, నీ దేహమునకు పడనిదేమి అని అడుగుట మానలేదు. పడని పదార్థములు, పథ్యములు ఉన్నవారు ముందుగా తెలుపవలెనని కోరుదురు. మనమో, అడుగవలసినది అడుగము. పైపెచ్చు బలవంతము చేయుదుము. కొసరి కొసరి వడ్డించుట మనకు మర్యాద. చేయి అడ్డుపెట్టినను గరిటె ఆగదు. ‘ఒక్క పూటకు ఏమి కాదు బాబూ, తినండి’ అని ప్రేమతోనే అందుము. ఆ ప్రేమను కాదనలేక తినువాడు మరునాడు ఆసుపత్రిలో నుండవచ్చును. కాదనుటకు సిగ్గుపడువాడు అసలు పెండ్లికే రాకుండును. ఊరివారందరు కూర్చుండిన పంక్తిలో ఆ ఒక్క విస్తరి లేకుండుట గూడ వ్యాధి కలిగించు బాధలో భాగమే.

దీనికి పెద్ద ఏర్పాటులు అక్కరలేదు. ఒక కూరను ఉప్పు వేయకమునుపే కొంత విడిగా తీసి యుంచవచ్చును. కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, హెచ్చునీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసిన పొటాషియము కొంత తగ్గును. పచ్చడి, అప్పడము, ఊరగాయ విస్తరిలో ముందుగా వేయక, అడిగినవారికి మాత్రమే వేయవచ్చును. ఎండవేళ వచ్చినవారికి అలవాటు చొప్పున కొబ్బరిబోండము చేతికీయక, ‘అమ్మా, ఏమి పుచ్చుకొందురు?’ అని అడుగవచ్చును. త్రాగు నీటికి సైతము లెక్క ఉన్నవారు కలరు గనుక, గ్లాసు నింపి ముందు పెట్టి త్రాగుమని ఒత్తిడి చేయరాదు. ఎవరికి ఏది ఎంత యన్నది వారి వైద్యునకు, వారికి తెలియును. మనము చేయవలసినది వారి మాటను మన్నించుట. అడుగుట గూడ పదిమంది వినునట్లు గాక, వడ్డించునప్పుడు వంగి మెల్లగా అడుగవలెను. తుఫానునాడు పేరడుగక కాపాడిన పరువునే ఇచ్చట మెల్లగా అడిగి కాపాడుదుము.

తినువారికిని ఒక బాధ్యత కలదు. పథ్యమున్నవారు సంకోచింపక చెప్పవలెను. లేనివారు ఆకలికి మించి వడ్డించుకొని విస్తరిలో విడువరాదు. పందిరి వెలుపల నిలిచినవారిని చూచి, ముగించినవెంటనే లేవవలెను. తిథి చెప్పక వచ్చు హక్కు మనది. రెండవ గుండిగకు ఎసరు పెట్టి యుంచినవాని ఎడ కృతజ్ఞత గూడ మనదే కావలెను.

మాఘఫాల్గుణములు, వైశాఖజ్యేష్ఠములు వచ్చిన ఉద్దానమున మరల పందిళ్లు లేచును. ఈ ప్రసంగము వినుచున్న గృహములలో పెండ్లి తలపెట్టినవారు వంటవారితో మాటలాడునప్పుడు బియ్యమెన్ని బస్తాలు, విస్తళ్లెన్ని కట్టలు అని లెక్క చూచుకొందురు గదా! ఆ లెక్కలో ఒక చిన్న గిన్నెను గూడ చేర్చుడు. ఉప్పు తగ్గించిన కూర గిన్నె. అది ఎవరికొరకో ముందుగా పేరు వ్రాయనక్కరలేదు. ఎవరు వచ్చినను వారికొరకు అది ఉండవలెను.