అజరయ్యగారి తెలుగు — అధ్యక్షోపన్యాసము



భాషాభిమానమును గూర్చి నేడీ సాహిత్య సభలో మనము పెక్కు తెఱగుల ముచ్చటింపనున్నాము. కావున ఆ యభిమానమును ఆచరణమున జూపిన యొక తమిళుని చరిత్రమును తొలుత విన్నవించుట యుచితమని తలంచుచున్నాను.

వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1874 లో తిరునల్వేలి సీమయందు, వెల్లాళన్‌విళై యను పల్లెలో, ఒక పాదిరిగారి యింట జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో జదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశము తిరిగి, 1903 లో స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల చేతులమీదుగా నడచు ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పినవారిలో అగ్రగణ్యులైరి. ఆ సంఘము నైజాము రాజ్యమందలి దోర్నకల్లులో పని ప్రారంభింపగా, 1909 లో వారే గురుపట్టము పొంది అచ్చటికి వచ్చి చేరి, తెలుగు నేర్వబూనిరి. క, గ లకు ఒక్కటే యక్షరముగల తమిళ లిపికి అలవడిన కన్నులకు మన వత్తులును, గుణింతములును ఎంత వింతగా దోచియుండునో యోచింపుడు! ముప్పదియైదవ యేట ఆయన ఆ శ్రమకు వెనుదీయలేదు.

మఱుసటి యేడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగమును మనసార కొనియాడుచునే, మాకు మీ స్నేహమును గూడ ప్రసాదింపుడని నిండుసభలో నిర్భయముగా గోరిరి. 1912 డిసెంబరు 29 న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయమున అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన ప్రథమ భారతీయులైరి. తాము దొరలనుండి కోరిన స్నేహమును వారు మాల మాదిగ పేటలకు తెలుగున బంచిపెట్టిరి. ఎడ్లబండిమీద నూరూర దిరిగి, బాప్తిస్మము పొందిన పాలేరులచేత వారి చేతులను వారి తలలమీదనే యుంచించి, సువార్త చాటుట తమ విధియని వారి నోటనే పలికించెడివారు. తలయెత్తి మాటాడ నెఱుగని కూలివాడు సభలో స్వరమెత్తి ప్రతిజ్ఞ చేయుట సామాన్యమైన మార్పా?

1939 లో ప్రతిష్ఠితమైన దోర్నకల్ దేవాలయమున గుడి మంటపపు స్తంభములును, మసీదు గుమ్మటములును కలిసి నిలిచినవి. దాని నీడనే, 1945 జనవరి 1 న పరమపదించిన అజరయ్యగారు విశ్రమించుచున్నారు.

సభాసదులారా! మన పేటలకు స్నేహమును తెలుగున మోసికొని పోవుటకు ఒక తమిళుడు రావలసివచ్చెను. కావ్యములను వ్యాఖ్యానించిన మన పండిత లోకము ఆ త్రోవ త్రొక్కకపోవుట నన్ను మిక్కిలి బాధించుచున్నది. ఈ సభ ముగిసిన పిదప మనలో నొక్కొక్కరు ఒక్కొక్క పేటకేగి, ఒక్క బాలునిచేత ఓనమాలు దిద్దించినచో, నేటి మన భాషాభిమానము సార్థకమగును.