బతుకమ్మ పూలతో అంకెలు
(వార్షిక మహాసభలో అంగన్‌వాడీ టీచర్ ప్రసంగం)

"అంగన్‌వాడీల ఆటలే గాని చదువేది?" అని మీరే అడుగుతున్నరు. వంద దాకా గడగడ చదివే పిల్లను 5 తంగేడు పూలు తెమ్మంటే గుప్పెడు తెస్తది. అంకె నోటికొచ్చింది గాని చేతికి రాలే.

అందుకే బతుకమ్మ రోజుల్ల మాకు పూలే పలకలు. గరగరలాడే గునుగు, మెత్తటి బంతి తడిమి చూసి, ఒక్కొక్కటే తాంబాళంల పెడుతూ లెక్కపెడతరు. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, పేర్చేది లేదు. ఖాళీ తాంబాళం చూపి "ఎన్ని?" అంటే "ఏం లేవు" అంటరు. సున్నా అదే కదా!

చింతగింజలు మాత్రం చిన్నోళ్లకు ఇయ్యకండ్రి, ముక్కుల పెట్టుకుంటరు. ఇంట్ల బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లను పక్కకు పొమ్మనకుండ, "10 గునుగు పూలియ్యి బిడ్డా" అని అడగండ్రి.